స్వయం పిటిషన్‌తో అమెరికా గ్రీన్ కార్డు: తూర్పు హైదరాబాదు నిపుణుల దారి

యజమాని అండ లేకుండా, సొంత ప్రతిభనే ఆధారంగా చూపి, తన పేరు మీద తానే అమెరికా శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవడాన్ని స్వయం పిటిషన్ అంటారు. పెట్టుబడిదారుల తరగతిని పక్కన పెడితే, నిపుణులకు ఈ వెసులుబాటు రెండు చోట్ల ఉంది. మొదటిది ఈబీ-1ఏ: విజ్ఞానశాస్త్రం, కళలు, విద్య, వ్యాపారం, క్రీడలు అనే ఐదు రంగాల్లో అసాధారణ ప్రతిభ గలవారికి ఉద్దేశించినది. రెండోది ఈబీ-2 తరగతిలో భాగమైన జాతీయ ప్రయోజన మినహాయింపు, వాడుకలో ఎన్‌ఐడబ్ల్యూ. రెండింటికీ నింపే ఫారం ఒకటే, ఐ-140. మామూలు దారిలో అయితే తగిన అమెరికన్ కార్మికుడు దొరకలేదని నిరూపించి కంపెనీ ముందుగా కార్మిక శాఖ నుంచి పర్మ్ ధ్రువీకరణ తెచ్చుకోవాలి. స్వయం పిటిషన్‌లో ఆ మెట్టు లేదు. కంపెనీ మారినా, ఉద్యోగం పోయినా పిటిషన్ పోదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్‌బీనగర్ రింగురోడ్డు దాకా, అక్కడినుంచి వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు సాగే తూర్పు హైదరాబాదు ఈ విషయాన్ని చూడటానికి అనువైన చోటు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి పిల్లల చదువుల కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, కంప్యూటర్ కోర్సుల బోర్డులు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుకు దశాబ్దాలుగా గుర్తు. నాగార్జునసాగర్ దారిలో ఇబ్రహీంపట్నం దాకా ఇంజినీరింగ్ కాలేజీలు వరుసగా ఉంటాయి. ఒకవైపు కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ క్షిపణి, లోహ ప్రయోగశాలలు. మరోవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని చుట్టూ ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. అందువల్ల స్వయం పిటిషన్ వేసేవారిలో రెండు రకాలూ ఈ ప్రాంతం నుంచి కనిపిస్తారు: ఎమ్మెస్ చదివి అమెరికాలో పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న ఇంజినీరు, పరిశోధనా పత్రాలున్న శాస్త్రవేత్త. చట్టం ఇద్దరికీ ఒకటే. చేతిలో ఉండే కాగితాలు మాత్రం ఒకటి కావు. ఈ దారిలో గెలుపోటములు చాలావరకు ఆ తేడా మీదే తేలుతాయి.

పూర్వరంగం

ప్రతిభ చూసి తలుపు తీసే పద్ధతి అమెరికాలో పాతది కాదు. 1917 చట్టం ఆసియాలో అధిక భాగాన్ని, భారతదేశంతో సహా, వలసకు నిషిద్ధ మండలంగా ప్రకటించింది. విద్యార్థులకు మాత్రం సందు ఉండేది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు ఇచ్చింది.

ఆ కాలంలోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరారు. శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పని, తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, బోదకాలు మందు హెట్రజాన్, ఆరియోమైసిన్... 1948లో కన్నుమూసేదాకా ఆయన అమెరికా పౌరుడు కాలేదు, గ్రీన్ కార్డూ లేదు. భారతీయులకు పౌరసత్వపు తలుపు 1946లో లూస్-సెల్లర్ చట్టంతో తెరుచుకుంది. ఆ చట్టం ఇచ్చిన వలస కోటా ఏడాదికి 100. ఈనాటి ఈబీ-1ఏ కొలతల్లో ‘విశేష ప్రాముఖ్యం గల మౌలిక కృషి’ అనేదానికి సుబ్బారావు కృషిని మించిన తెలుగు ఉదాహరణ దొరకడం కష్టం. పత్రికల్లో తన గురించి రాయించుకోవడం మాత్రం ఆయనకు అలవాటు లేదు. ఆ ఒక్క కొలత దగ్గర ఆయన దరఖాస్తు కూడా ఖాళీగానే ఉండేది.

1965 చట్టం జాతుల వారీ కోటాలను రద్దు చేయడంతో ఉస్మానియా, గాంధీ, గుంటూరు, ఆంధ్ర వైద్య కళాశాలల డాక్టర్లు, తర్వాత ఇంజినీర్లు వెళ్లారు. ఇప్పుడున్న అమరిక 1990 వలస చట్టానిది. ఆ ఏడాది నవంబరు 29న జార్జ్ బుష్ సీనియర్ సంతకం చేసిన ఆ చట్టం ఉద్యోగ ఆధారిత వలసకు ఏడాదికి 1,40,000 వీసాలు కేటాయించి ఐదు తరగతులుగా పంచింది. ఈబీ-1, ఈబీ-2, ఈబీ-3లకు తలా 28.6 శాతం, అంటే 40,040. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ మొత్తంలో 7 శాతం మించకూడదన్న నియమం ఈ పంపకాన్ని నడిపిస్తుంది. తెలుగువారి హెచ్-1బీ తాత్కాలిక ఉద్యోగ వీసా కథ మొదలైంది కూడా ఈ చట్టంతోనే.

అసాధారణ ప్రతిభ: పది కొలతలు

నోబెల్, పులిట్జర్, ఒలింపిక్ పతకం స్థాయి బహుమతి ఒక్కటి ఉంటే ఈబీ-1ఏకు అదే చాలు. లేనివారు నిబంధనల్లోని పది కొలతల్లో కనీసం మూడింటికి రుజువు చూపాలి. జాతీయంగా లేదా అంతర్జాతీయంగా గుర్తింపు ఉన్న బహుమతులు, విశిష్ట కృషి ఉంటేనే చేర్చుకునే సంఘాల్లో సభ్యత్వం, పత్రికల్లో అభ్యర్థి గురించి వచ్చిన వ్యాసాలు, ఇతరుల పనికి న్యాయనిర్ణేతగా ఉండటం, మౌలిక కృషి, పరిశోధనా వ్యాసాలు, కళా ప్రదర్శనలు, పేరున్న సంస్థలో ముఖ్య పాత్ర, సాటివారికన్నా బాగా ఎక్కువ జీతం, ప్రదర్శన కళల్లో వ్యాపార విజయం. ఇవి చదవగానే పరిశోధకుడికి, నటుడికి, క్రీడాకారుడికి కుట్టిన చొక్కాలా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అందులో దూరడానికి కొంత ఇబ్బంది పడాలి.

మూడు కొలతలు దాటితే చాలా? ఈ ప్రశ్నకు జవాబు 2010 నాటి కజారియన్ కేసు నుంచి వచ్చింది. ఆర్మేనియాలో పుట్టిన సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త పోఘోస్ కజారియన్ పిటిషన్‌ను వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ తిరస్కరించింది. తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, నిబంధనల్లో లేని షరతులను మొదటి దశలోనే జోడించడం తప్పని అధికారులను మందలించింది. అయినా తిరస్కరణను మాత్రం సమర్థించింది. విచిత్రం తర్వాత జరిగింది. ఆ తీర్పును ఆధారం చేసుకొని సంస్థ 2010 డిసెంబరులో రెండు దశల పరిశీలన ప్రవేశపెట్టింది. మొదట మూడు కొలతలు లెక్కపెడతారు. ఆపైన మొత్తం రుజువులను కలిపి చూసి, అభ్యర్థి తన రంగంలో శిఖరానికి చేరిన కొద్దిమందిలో ఒకరా అని తేలుస్తారు. కొలతలు ఐదారు దాటినా ఈ రెండో దశలో తిరస్కరణ ఎదురవుతుంది. ఆ రెండో దశకు గీత ఎక్కడుందో రాసిపెట్టి లేదు కాబట్టి ఒకేలాంటి రెండు ఫైళ్లకు రెండు రకాల ఫలితాలు రావడం మామూలే. సందేహం ఉంటే అధికారి మరిన్ని రుజువులు కోరుతూ ఆర్‌ఎఫ్‌ఈ పంపుతారు. తెలుగు ఇళ్లలో ‘ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది’ అన్న మాట పరీక్ష తప్పినంత దిగులుతో వినిపిస్తుంది గాని, నిజానికి అది తిరస్కరణ కాదు.

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ఎక్కువగా ఆధారపడేది నాలుగింటి మీద: జీతం, ముఖ్య పాత్ర, వ్యాసాలు, న్యాయనిర్ణయం. జీతాన్ని అదే పని, అదే ప్రాంతం గణాంకాలతో పోల్చాలి; కాలిఫోర్నియా జీతాన్ని దేశ సగటుతో పోలిస్తే అధికారి ఒప్పుకోరు. కంపెనీ షేర్ల రూపంలో వచ్చిన భాగానికి విడిగా లెక్క చూపాలి. ముఖ్య పాత్రకు పై అధికారుల లేఖలు కావాలి. అవి పొగడ్తలతో నిండి, ఏ పని వల్ల సంస్థకు ఏం ఒరిగిందో చెప్పకపోతే బరువుండదు. కలిసి పనిచేయని స్వతంత్ర నిపుణుల లేఖలకు విలువ ఎక్కువ. సంఘాల విషయంలో యూఎస్‌సీఐఎస్ విధాన గ్రంథమే ఒక మాట చెబుతుంది: రుసుము కడితే దొరికే మామూలు సభ్యత్వం చాలదు, తోటి నిపుణులు వడపోసి ఇచ్చే ఫెలో స్థాయి పనికొస్తుంది. 2024 అక్టోబరు 2న సవరించిన మార్గదర్శకాలు కొంత మెత్తబడ్డాయి. జట్టుగా గెలిచిన బహుమతిలో వాటా, గతంలో ఉండి ఇప్పుడు లేని సభ్యత్వం కూడా లెక్కలోకి వచ్చాయి.

శాస్త్రవేత్తలకు ఉల్లేఖనాల సంఖ్య, పత్రికల స్థాయి చేతికందే రుజువులు. తార్నాక, హబ్సిగూడ ప్రయోగశాలల నుంచి వెళ్లి అమెరికా విశ్వవిద్యాలయాల్లో పోస్ట్‌డాక్ చేసేవారికి ఇది సహజమైన దారి. కంచన్‌బాగ్ పరిస్థితి దీనికి తిరగబడి ఉంటుంది. రక్షణ పరిశోధనలో అత్యుత్తమ పని చాలావరకు అచ్చుకాదు. ప్రశంసాపత్రం ఉన్నా దాని వెనక ఏ ప్రాజెక్టు ఉందో రాయడానికి వీలుండదు. పాతికేళ్లు క్షిపణుల మీద పనిచేసిన ఇంజినీరుకన్నా ఐదేళ్లు యంత్ర అభ్యసనంపై వ్యాసాలు రాసిన యువకుడి ఫైలు లావుగా ఉంటుంది. చట్టం ప్రతిభను కొలుస్తానంటుంది. అధికారి బల్ల మీదికి మాత్రం మూడో వ్యక్తి రాసి సంతకం చేసిన కాగితమే చేరుతుంది.

కళాకారుల సంగతి మరో రకం. కూచిపూడి గురువులు, కర్ణాటక సంగీత విద్వాంసులు ఓ-1 తాత్కాలిక వీసా మీద వెళ్లి తర్వాత ఈబీ-1ఏ వేస్తుంటారు. వీరి రుజువుల్లో తెలుగు పత్రికల కత్తిరింపులు ముఖ్యం. ప్రతి కత్తిరింపుకూ అనువాదకుడి ధ్రువీకరణతో ఇంగ్లీషు అనువాదం, పత్రిక సర్క్యులేషన్ వివరం జతచేయాలి. జిల్లా ఎడిషన్ పేజీలో వచ్చిన వార్తను ‘ప్రధాన మాధ్యమం’గా ఒప్పించడం కష్టం. రాష్ట్ర ప్రభుత్వ ఉగాది పురస్కారం ఇక్కడ పెద్ద గౌరవమే అయినా, దాని ఎంపిక పద్ధతిని, గుర్తింపును కొత్తవాడికి చెప్పినట్టు మొదటి నుంచి వివరించాల్సి వస్తుంది.

కొనుక్కునే కీర్తి

కొలతలు బయటికి తెలిసినవే కావడంతో వాటిని అమ్మే బజారు పుట్టింది. రుసుము తీసుకొని బహుమతి ఇచ్చే వేదికలు, డబ్బు కడితే వ్యాసంలో పేరు చేర్చే పత్రికలు, ఒకరినొకరు ఉల్లేఖించుకునే గుంపులు, సంపాదకీయం ముసుగులో అచ్చయ్యే చెల్లింపు కథనాలు, ‘ప్రొఫైల్ బిల్డింగ్’ పేరుతో ప్యాకేజీలు. నష్టం కొన్నవారి దగ్గరే ఆగదు. ఒకే వేదిక ఇచ్చిన ఒకే బహుమతి వందల ఫైళ్లలో కనిపించాక, అది నిజంగా సంపాదించుకున్నవారినీ అధికారులు అనుమానంగానే చూస్తారు. రుజువు తప్పుడుదని తేలితే పిటిషన్ పోవడమే కాదు. ఉద్దేశపూర్వకమైన అబద్ధానికి అమెరికా వలస చట్టంలో శిక్ష జీవితకాలపు ప్రవేశ నిషేధం. ప్యాకేజీ అమ్మినవారికి ఆ శిక్ష ఉండదు, సంతకం పెట్టిన దరఖాస్తుదారుకే ఉంటుంది.

జాతీయ ప్రయోజన మినహాయింపు

ఈబీ-2కు మాస్టర్స్ డిగ్రీ, లేదా నాలుగేళ్ల బీటెక్‌పై ఐదేళ్ల ఎదుగుదల గల అనుభవం అర్హత. మూడేళ్ల బీఎస్సీ, బీకాంతో ఆగినవారికి ఇక్కడే చిక్కు. ఆ డిగ్రీని అమెరికా బ్యాచిలర్స్‌తో సమానంగా చూడరు. అర్హత ఉన్నవారి విషయంలో దేశానికి మేలు జరుగుతుందనుకుంటే ఉద్యోగ ప్రతిపాదన, పర్మ్ రెండూ మాఫీ చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. 1998 నుంచి న్యూయార్క్ రవాణా శాఖ కేసు పేరుతో కఠినమైన పరీక్ష ఒకటి నడిచింది. 2016 డిసెంబరు 27న వచ్చిన ధనసర్ నిర్ణయం దాన్ని మార్చింది. నార్త్ కరొలైనా ఏ అండ్ టీ విశ్వవిద్యాలయంలో హైపర్‌సోనిక్ చోదక వ్యవస్థలపై పనిచేసిన పరిశోధకుడి పిటిషన్ అది. తలపెట్టిన పనికి గణనీయమైన విలువ, జాతీయ ప్రాముఖ్యం ఉన్నాయా, ఆ పనిని ముందుకు తీసుకుపోయే స్థితిలో అభ్యర్థి ఉన్నారా, ఉద్యోగ ప్రతిపాదనను మాఫీ చేయడం మొత్తం మీద దేశానికి లాభమా అన్నవే ఇప్పుడు అడిగే మూడు ప్రశ్నలు. అదే హైపర్‌సోనిక్ రంగంలో భారత ప్రయోగ వాహనం హెచ్‌ఎస్‌టీడీవీని 2020 సెప్టెంబరులో డీఆర్‌డీఓ పరీక్షించింది. దాని రూపకల్పనలో కంచన్‌బాగ్ ప్రయోగశాలదే ప్రధాన పాత్ర.

2022 జనవరిలో శాస్త్ర సాంకేతిక పట్టభద్రులకు అనుకూలంగా మార్గదర్శకాలు వచ్చాక ఎన్‌ఐడబ్ల్యూ దరఖాస్తులు విపరీతంగా పెరిగాయి. ఆ తర్వాత ఆమోదాల శాతం పడిపోయింది. 2025 జనవరి 15న మళ్లీ బిగించారు: వృత్తికి ప్రాముఖ్యం ఉంటే చాలదు, అభ్యర్థి తలపెట్టిన నిర్దిష్ట ప్రయత్నానికి ఉండాలి. వెనకబడిన ప్రాంతాల్లో ఐదేళ్లు వైద్యం చేసే డాక్టర్లకు ఇందులోనే వేరే ఏర్పాటు ఉంది. తెలుగు వైద్యుల్లో దాన్ని వాడుకున్నవారు ఉన్నారు.

క్యూ: అసలు సమస్య

ఐ-140 ఆమోదం అంటే గ్రీన్ కార్డు కాదు. క్యూలో ఖాయమైన చోటు. ఆ చోటు పేరు ప్రయారిటీ డేట్. స్వయం పిటిషన్‌లో అది దరఖాస్తు చేరిన రోజు. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వీసా బులెటిన్‌లో ప్రకటించే గీతకన్నా ఈ తేదీ ముందు ఉంటేనే కార్డు. లెక్క పౌరసత్వంతో కాదు, పుట్టిన దేశంతో. ఎల్‌బీనగర్‌లో పుట్టి కెనడా పౌరుడైన ఇంజినీరు కూడా భారతదేశపు వరుసలోనే నిలబడాలి. భార్య గాని భర్త గాని వేరే దేశంలో పుట్టి ఉంటే మాత్రం ఆ దేశపు వరుసను వాడుకోవచ్చు.

40,040లో 7 శాతం దాదాపు 2,800. భార్య, పిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు కాబట్టి ప్రధాన దరఖాస్తుదారుల వాటా అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఇతర దేశాలు వాడుకోని వీసాలు మిగిలితే కలుస్తాయి. కోవిడ్ కాలంలో కుటుంబ వీసాలు మిగిలిపోవడంతో 2022 ఆర్థిక సంవత్సరంలో ఉద్యోగ వీసాల పరిమితి 2,81,507కు పెరిగింది. అప్పుడు చాలామందికి దారి దొరికింది. మళ్లీ మామూలైంది. 2023లో కేటో ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం ఉద్యోగ ఆధారిత నిరీక్షణలో 18 లక్షల మంది ఉంటే వారిలో సుమారు 11 లక్షల మంది భారతీయులు.

ఈబీ-2 భారత గీత 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 2013 జనవరి 1 దగ్గరే నిలిచింది. అదే కాలంలో ఈబీ-1 గీత 2022 ఫిబ్రవరి 15. రెండింటికీ మధ్య తొమ్మిదేళ్లు. ఎన్‌ఐడబ్ల్యూ ఈబీ-2లో భాగం కాబట్టి భారతదేశంలో పుట్టినవారికి అది నిరీక్షణను ఒక్కరోజు కూడా తగ్గించదు. అది ఇచ్చేది యజమాని నుంచి స్వేచ్ఛ, తన సొంతమైన తేదీ, ఆరేళ్ల తర్వాత కూడా హెచ్-1బీని మూడేసి ఏళ్లు పొడిగించుకునే వీలు. నిరీక్షణను తగ్గించేది ఈబీ-1ఏ. పాత పిటిషన్ ఆమోదమై ఉంటే దాని ప్రయారిటీ డేట్‌ను కొత్త పిటిషన్‌కు మోసుకుపోవచ్చన్న నియమం దీనికి తోడవుతుంది. వాడుకలో దీన్ని ‘పోర్ట్ చేసుకోవడం’ అంటారు. కంపెనీ ద్వారా ఈబీ-2లో 2017 తేదీ ఉన్న ఇంజినీరుకు 2025లో ఈబీ-1ఏ ఆమోదం వస్తే, పాత వరుసలో ఇంకా ఏళ్ల తరబడి ఆగాల్సిన మనిషి ఆ నెలలోనే కార్డుకు అర్హుడవుతాడు. అప్పటిదాకా ఏ తేదీ లేనివారు ఈబీ-1ఏలోనూ ఏళ్లు ఆగాలి. తెలుగు ఇంజినీర్లలో ఈ తరగతికి ఇంత గిరాకీ రావడానికి కారణం పేరు ప్రతిష్ఠల మోజు కన్నా ఈ తేదీల లెక్కే. 2022 చివర మొదలైన కంపెనీల ఉద్యోగ కోతలు, ఉద్యోగం పోయాక హెచ్-1బీకి ఉండే 60 రోజుల గడువు ఆ గిరాకీని ఇంకా పెంచాయి. ఈబీ-1 గీత కూడా స్థిరం కాదు. 2023 ఆగస్టులో అది ఒక్కసారిగా 2012 జనవరి 1కి వెనక్కి పోయింది.

ఇరానీ నిపుణులతో పోలిస్తే ఈ చిక్కు స్వరూపం బాగా తెలుస్తుంది. ఇరాన్‌కు ప్రత్యేక గీత లేదు; ‘ఇతర దేశాల’ వరుసలో ఈబీ-1ఏ సాధారణంగా ఖాళీగానే ఉంటుంది. తెహ్రాన్ షరీఫ్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడికి ఐ-140 ఆమోదమైతే తేదీ సమస్య దాదాపు రాదు. వారికి అడ్డు మరోచోట. 1980లో దౌత్య సంబంధాలు తెగిపోయాయి కాబట్టి ఇంటర్వ్యూకు అంకారా, యెరెవాన్, అబుధాబి లాంటి చోట్లకు వెళ్లాలి. భద్రతా తనిఖీలు నెలల తరబడి సాగుతాయి. 2019లో ఇరాన్ విప్లవ రక్షక దళాన్ని ఉగ్రవాద సంస్థగా ప్రకటించాక, నిర్బంధ సైనిక సేవలో ఆ దళానికి కేటాయించబడ్డ మామూలు యువకులకూ చిక్కు వచ్చింది. 2017 నాటి ప్రయాణ నిషేధం 2021లో రద్దయినా, 2025 జూన్ 4 ప్రకటన ఇరాన్‌ను మళ్లీ పూర్తి నిషేధ జాబితాలో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో నిషేధిత దేశాలవారు అమెరికా లోపల పెట్టుకున్న దరఖాస్తులను కూడా నిలిపివేశారు. దిల్‌సుఖ్‌నగర్ వాసికి తలుపు తెరిచే ఉంది, వరుసే కదలదు. ఇస్ఫహాన్ వాసికి వరుస లేదు, తలుపే మూసి ఉంది.

హైదరాబాదు వైపు పనులు

అమెరికాలో ఉన్నవారు గీత దాటాక కార్డు కోసం ఐ-485 ఫారం దాఖలు చేస్తారు. భారత్‌లోనే ఉండి కూడా ఐ-140 వేయవచ్చు. అమెరికాలో అదే రంగంలో పని కొనసాగిస్తారనడానికి ఆహ్వాన లేఖలు, ఒప్పందాలు, లేదా వివరమైన ప్రణాళిక చూపాలి. ఇలాంటివారికి వలస వీసా ఇంటర్వ్యూ ముంబయి కాన్సులేట్‌లో. హైదరాబాదు కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. అక్కడ జరిగేది ప్రధానంగా విద్యార్థి, ఉద్యోగ, సందర్శక వీసాల పని.

ఏ దారైనా తల్లిదండ్రుల ఇంటిదాకా వచ్చి తీరే కాగితం జనన ధ్రువపత్రం. పల్లెలో ఇంటి దగ్గర పుట్టి, ఎక్కడా నమోదు కాని తరం ఇంకా ఉంది. అప్పుడు స్థానిక కార్యాలయం నుంచి ‘నమోదు లభ్యం కాదు’ అన్న పత్రం, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు రెండు, పదో తరగతి మెమో జతచేస్తారు. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్‌బీనగర్‌లోనే ఉండటంతో ఈ ప్రాంతంవారికి నోటరీ పనికి దూరం పోనక్కరలేదు. పేర్లది వేరే తంటా. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్లి పత్రంలో చివర. రెండు పేర్లూ ఒకరివేనని మరో అఫిడవిట్ కావాలి. పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా వస్తుంది.

పెళ్లి తేదీకి కూడా ఇక్కడ చట్టపరమైన బరువు ఉంది. కార్డు చేతికి రాకముందే పెళ్లయి ఉంటే జీవిత భాగస్వామికి అదే పిటిషన్ మీద కార్డు వస్తుంది. తర్వాత చేసుకుంటే వేరే కుటుంబ పిటిషన్, వేరే వరుస. హైదరాబాదులో పెరిగిన సత్య నాదెళ్ల 1994లో భార్యను తెచ్చుకోవడానికి గ్రీన్ కార్డు వదులుకొని హెచ్-1బీకి మారిన సంగతి 2017లో వచ్చిన తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాశారు. పిల్లలకు 21 ఏళ్లు దాటితే తల్లిదండ్రుల పిటిషన్ నుంచి జారిపోతారు. ఐ-140 పెండింగులో ఉన్న రోజులను వయసులోంచి తీసివేయడానికి 2002 నాటి బాలల స్థితి రక్షణ చట్టం అనుమతిస్తుంది. ఈబీ-1ఏ వేసే నలభై ఏళ్లవారిలో చాలామంది తమకోసం కాక, పదో తరగతిలో ఉన్న పిల్లల వయసును లెక్క వేసుకొని వేస్తున్నారు.

రుసుములు, ఇటీవలి మార్పులు

2024 ఏప్రిల్ 1 నుంచి ఐ-140 రుసుము 715 డాలర్లు. దానికి తోడు ఆశ్రయ కార్యక్రమ రుసుము స్వయం పిటిషనర్లకు 300. అదనపు రుసుముతో ప్రీమియం ప్రాసెసింగ్ తీసుకుంటే ఈబీ-1ఏపై 15 పనిదినాల్లో, ఎన్‌ఐడబ్ల్యూపై 45 పనిదినాల్లో ఏదో ఒక చర్య జరుగుతుంది. అది ఆమోదం కావచ్చు, ఆర్‌ఎఫ్‌ఈ కావచ్చు. లాయరు ఖర్చు వేరు, చట్టప్రకారం లాయరు తప్పనిసరి కాదు.

2025 సెప్టెంబరు 19న రెండు ఉత్తర్వులు ఒకేరోజు వచ్చాయి. ఒకటి కొత్త హెచ్-1బీ పిటిషన్లపై లక్ష డాలర్ల చెల్లింపు విధించింది. మరొకటి గోల్డ్ కార్డు: ప్రభుత్వానికి 10 లక్షల డాలర్ల కానుక ఇస్తే, దాన్ని ఈబీ-1 అసాధారణ ప్రతిభకు, ఈబీ-2 జాతీయ ప్రయోజనానికి రుజువుగా పరిగణిస్తారు. తరగతుల సంఖ్యా పరిమితి అలాగే ఉంది కాబట్టి కానుక ఇచ్చినవారూ ఆ 40,040లోనే సర్దుకోవాలి. బహుమతులు, ఉల్లేఖనాలు, లేఖలతో మూడు దశాబ్దాలుగా కొలుస్తూ వచ్చిన ప్రతిభకు చెక్కును కూడా ఒక కొలతగా చేర్చడం చట్టసభ చేసిన పని కాదు, అధ్యక్ష ఉత్తర్వు.

కార్డు వచ్చాక ఐదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు చేయవచ్చు. భారత్ ద్వంద్వ పౌరసత్వం ఇవ్వదు గనుక అప్పుడు భారత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ కార్డు తీసుకుంటారు. అప్పటిదాకా కార్డు నిలబెట్టుకోవాలంటే అమెరికాలోనే నివాసం ఉండాలి. ఏడాది పైగా బయట ఉంటే కార్డు చెల్లకుండా పోతుంది. వృద్ధులైన తల్లిదండ్రులను చూసుకోవడానికి వనస్థలిపురంలోనో కొత్తపేటలోనో దీర్ఘకాలం ఉండదలచినవారు ఐ-131 ఫారంతో రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకుంటారు. దాని గడువు గరిష్ఠంగా రెండేళ్లు. దరఖాస్తు మాత్రం అమెరికా గడ్డ మీద ఉండగానే పెట్టాలి.